చూడకుండా చెప్పిన జవాబులు

మా ఆయన దగ్గర చదువుకున్నవాడు పరీక్ష తప్పడని అమీర్‌పేటలో పేరు. ఆ పేరే ఆ ఎండాకాలం మా కొంప ముంచింది.

అది రెండు వేల ఆరు. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ కడుతున్నారు, ఊళ్ళో ఉన్న దుమ్మంతా అక్కడి నుంచే లేస్తున్నట్టుండేది. బీటెక్ అయిపోయిన పిల్లలు రైలు దిగి తిన్నగా మైత్రీవనం దగ్గరికి వచ్చేసేవారు. బ్యాగు ఎక్కడ పడెయ్యాలో తెలియకముందే ఏ కోర్సులో చేరితే ఉద్యోగం వస్తుందని అడిగేవారు. మా ఆయన వంశీధర్ జావా చెప్పేవారు. నేను అదే ఇన్‌స్టిట్యూట్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, డెమో క్లాసు ఎప్పుడు, కొత్త బ్యాచ్ ఎప్పుడు అని చెప్పేదాన్ని. మాది తెనాలి పక్క. పెళ్ళయిన కొత్తలో వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో చిలకమ్మగారి మేడ మీద రెండు గదుల్లో దిగాం, అక్కడే ఉండిపోయాం.

ఆయన పాఠం బాగా చెప్తారన్నది నిజమే గాని, పేరు వచ్చింది పాఠం వల్ల కాదు. సర్టిఫికేషన్ పరీక్ష రాసి వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ కింద టీ బండి దగ్గర కూర్చోబెట్టి, సమోసా తినిపించి, లోపల ఏమేం అడిగారో గుర్తున్నంతవరకూ చెప్పించుకునేవారు. ఒకడికి రెండు ప్రశ్నలు గుర్తుంటే ఇంకొకడికి నాలుగు గుర్తుండేవి. నెల తిరిగేసరికి ఆ పరీక్షలో ఉన్నవన్నీ ఆయన బుర్రలోకి వచ్చేసేవి. రాసుకోవాల్సిన పని కూడా లేదు, అంత జ్ఞాపకశక్తి. తర్వాతి బ్యాచ్‌కి పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో, ఇలా అడిగితే మూడోది పెట్టెయ్యండి, అలా అడిగితే ఒకటోది పెట్టెయ్యండి అనేవారు. అది మోసమని ఎవరూ అనుకోలేదు. అమీర్‌పేటలో పరీక్షకి తయారవడమంటే అదే.

ఆ జ్ఞాపకశక్తి మా వివేక్‌కి వచ్చింది. వాడప్పుడు రెండో తరగతి. పాఠం ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, మొత్తం అప్పజెప్పేసేవాడు. అదే పాఠం పుస్తకం తెరిచి చదవమంటే మొదటి లైనులో బయల్దేరి మూడో లైనులో తేలేవాడు. బోర్డు మీద ఉన్నది రాసుకోమంటే సగం మాటలే రాసేవాడు, ఆ సగమూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. కంటి డాక్టర్ల చుట్టూ తిరిగాం. ఒక్కొక్క అక్షరం విడిగా చూపిస్తే ఎంత చిన్నదైనా టక్కున చెప్పేశాడు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయమ్మా, వీడికి చదవడం ఇష్టం లేదు, అంతే అన్నారు. ఆ మాట విని ఇంటికొచ్చి వాణ్ణి కూర్చోబెట్టి చదివించబోతే, వాడు పుస్తకం వైపు చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఇష్టం లేనివాడు ఏడవడు, మొండికేస్తాడు. నాకు ఆ మాత్రం తెలుసు. అంతకు మించి ఏమీ తెలియదు.

ఏప్రిల్‌లో ఫలితాలిచ్చిన రోజు ప్రిన్సిపాల్ రత్నమాలగారు మమ్మల్ని గదిలోకి పిలిచారు. మంచావిడే, గట్టిగా మాట్లాడే మనిషి కాదు. వివేక్ నోట్‌బుక్ మా ముందు తెరిచి పెట్టి, మమ్మల్నే చూడనిచ్చారు. నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు.

"పిల్లవాడి మీద ముద్ర వెయ్యడం నాకిష్టం లేదండీ" అన్నారు చివరికి. "జూన్‌లో బడి తెరిచేలోగా వాడి బుర్రలో లోపం లేదని ఎవరైనా సైకాలజిస్టు దగ్గర రాయించుకు రండి. లేదంటే టీసీ ఇచ్చేస్తాను. ఇలాంటి పిల్లలకి వేరే బళ్ళున్నాయి."

ఆ వేరే బడి మా వీధి చివరే ఉండేది. నాలుగేళ్ళవాడి నుంచి మీసాలొచ్చినవాడి దాకా ఒకే గదిలో కూర్చుని పూసలు గుచ్చుతుండేవారు. ఆ పిల్లలకి అది మంచి బడే అయ్యుండొచ్చు. కానీ వేమన పద్యాలన్నీ గడగడా చెప్పే నా పిల్లవాణ్ణి ఆ గదిలో ఊహించుకోలేకపోయాను.

బయటికి రాగానే మా ఆయన మొహం తేటపడింది. ఒక్క కాగితమే కదా, తెచ్చేద్దాం అన్నారు. కావలసింది కాగితం కాదండీ, వాడికి ఏమైందో తెలియాలి అన్నాను. అదే నేనూ చెప్తున్నాను, ఏమీ కాలేదని తెలుస్తుంది అన్నారు. ఆయన స్కూటర్ స్టార్ట్ చేశారు, నేను వెనక కూర్చున్నాను. 

ఆ వారంలోనే ఒక సాయంత్రం అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద ముంజలు కొంటున్నాను. రోడ్డు పొడుగునా బోర్డులు, బ్యానర్లు, కరపత్రాలు పంచేవాళ్ళు, భుజాలకి బ్యాగులు తగిలించుకున్న పిల్లలు, షేర్ ఆటోల కేకలు. ముంజలు ఏరుకోవడానికి వివేక్ చెయ్యి వదిలాను. తిరిగి చూసేసరికి రెండడుగుల అవతల నిలబడి బిక్కమొహం వేసుకుని వెతుకుతున్నాడు. నా వైపే చూశాడు. వాడి చూపు నా మొహం మీదుగా పోయింది, నా పక్కనున్నావిడ మీదికి వెళ్ళింది, ముంజల బండి మీదికి వెళ్ళింది, మళ్ళీ నా మీదుగానే వెనక్కి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. కింది పెదవి వణకడం మొదలైంది. నేను ఎదురుగా ఉన్నాను. మా ఇద్దరి మధ్యా ఎవరూ లేరు.  "చిన్నా" అన్నాను. అప్పుడు దొరికాను వాడికి. పరుగెత్తుకొచ్చి నా నడుం కరుచుకుని, "ఎక్కడికెళ్ళిపోయావమ్మా" అన్నాడు.

ఇది ఎవరికి చెప్పుకోవాలి? కళ్ళు బాగున్న పిల్లవాడికి కన్నతల్లి కనపడలేదంటే ఎవరు నమ్ముతారు? మా ఆయనకి చెప్తే, జనంలో కంగారుపడి ఉంటాడులే అన్నారు. ఆయన్ని అనడానికి లేదు. ఆయనకి ఆ మాట వినడానికి భయం. నాకు ఒళ్ళంతా భయమే అయినా వినకుండా ఉండలేకపోయాను, అదే మా ఇద్దరికీ తేడా.

చివరికి ఇంటావిడ చిలకమ్మగారికి చెప్పుకున్నాను. ఆవిడ దిష్టి అంటుందనుకున్నాను, అనలేదు. వాకిట్లో బియ్యం చెరుగుతూ అంతా విని, చేట పక్కన పెట్టింది.

"నేను సుత చూసిన బిడ్డా. మొన్న పోరన్ని చెంబు తెమ్మంటే బాసాన్ల కాడ నిలవడి దేవులాడుతనే ఉన్నడు. చెంబు వాని ముందటనే ఉన్నది. పంజాగుట్టల పిల్లల్ని చూసే మేడమ్ ఉన్నది, మా మనవరాలికి మాటలు రాకపోతే ఆమెనే చూసింది. కండ్ల డాక్టర్లను ఇడిసిపెట్టి జర ఆమె తాన్కి తోల్కపో."

ఆ మేడమ్ పేరు అనుపమ, పిల్లల సైకాలజిస్టు. పంజాగుట్టలో పెద్దాసుపత్రి వెనక సందులో, మెడికల్ షాపు పైన రెండు గదులు. ముదురు రంగు నేత చీర కట్టుకుని, తొందరపడకుండా మాట్లాడే మనిషి. వాళ్ళది సిద్దిపేట వైపట. లోపలికి వెళ్ళాక వివేక్ నా కొంగు వదల్లేదు, అందుకని నన్నూ మా ఆయన్నీ కూడా వాడి వెనక స్టూళ్ళ మీద కూర్చోమంది.

ఆవిడ ఒక పుస్తకం తెరిచింది. ప్రతి పేజీలోనూ పైన ఒక బొమ్మ, కింద నంబర్లు వేసిన బొమ్మలు అయిదు. పైదానిలాంటిది కింద ఏదో చెప్పాలి. కొన్ని పేజీల్లో బొమ్మ పిచ్చిగీతల మధ్యలో దాక్కుని ఉంటుంది. కొన్నిట్లో సగమే గీసి ఉంటుంది, పూర్తి చేస్తే ఏదవుతుందో చెప్పాలి. నాకు వెనక నుంచి చూస్తేనే తెలిసిపోతున్నాయి. వివేక్ ఒక్కొక్క పేజీ మీదా చెమటలు కక్కాడు. వేలు పెట్టి వెతికాడు, తల పక్కకి వంచి చూశాడు, ఏదో ఒక నంబరు చెప్పి ఆవిడ మొహంలోకి చూశాడు. సగం దాకా వచ్చేసరికి ఏడుపు అందుకున్నాడు. ఆవిడ వెంటనే ఆపేసి వాడికి మంచినీళ్ళు ఇచ్చింది. ఇవాళ్టిది లెక్కలోకి తీసుకోనని, వచ్చే వారం మళ్ళీ మొదటి పేజీ నుంచి పెడతానని చెప్పి, తర్వాత రావలసిన పేజీలు కూడా వాడికి భయం పోవడానికి ఊరికే తిప్పి చూపించింది.

తర్వాత నాతో అన్నది. "కన్ను చూసుడు ఒక పని మేడమ్. చూసినదాంట్ల ఏది ఏందో మెదడు విడదీసుడు ఇంకో పని. బాబుకు మొదటిది మంచిగనే ఉన్నది. రెండోది ఎక్కడ ఆగుతుందో గీ బుక్కుతోని తెలుస్తది. తెలిస్తే ఎట్ల చదివించాల్నో సుత తెలుస్తది."

నేను అక్కడే ఏడ్చేశాను. ఇన్నేళ్ళలో వాడు బద్ధకస్తుడు కాదు, మందబుద్ధి కాదు, ఇంకేదో ఉంది అని చెప్పిన మొదటి మనిషి ఆవిడ. మెట్లు దిగుతున్నప్పుడు మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళు సగం మూసుకుని గోడ పట్టుకుని దిగారు. పాపం, ఆయన కూడా నాలాగే బాధపడుతున్నారనుకున్నాను.

ఎండాకాలం బ్యాచ్‌ల రద్దీ అది. నేను పొద్దున వెళ్తే పొద్దుపోయేదాకా బల్ల దగ్గర నుంచి లేవడానికి ఉండేది కాదు. ఆ వారం మా ఆయన తన మధ్యాహ్నం బ్యాచ్ ఇంకొకరికి అప్పజెప్పి ఇంట్లో వివేక్‌తో ఉన్నారు. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పే మనిషి తన పిల్లవాడి కోసం ఇంట్లో కూర్చున్నారని నాకెంత సంతోషమో చెప్పలేను. సాయంత్రం నేను వచ్చేసరికి ఇద్దరూ మామిడిపళ్ళు తింటూ నవ్వుకుంటూ కనపడేవారు. వివేక్ మొహంలో భయం పోయింది. స్నానం చేస్తూ, అన్నం తింటూ ఏదో రాగం తీసేవాడు. "మూడు ఒకటి నాలుగు, నాలుగు రెండు అయిదు" అని. ఏంట్రా అది అంటే, నాన్నా నేనూ ఆడుకునే ఆట అన్నాడు. మా ఆయన్ని అడిగితే, వాడికి కాస్త ధైర్యం రావాలిగా అన్నారు. నిజంగానే ధైర్యం వచ్చింది. నేను వెంకటేశ్వరస్వామి పటానికి దండం పెట్టుకుని పడుకున్నాను.

వారం తర్వాత, మే నెలాఖరుకి, మళ్ళీ వెళ్ళాం. ఈసారి వివేక్ నా కొంగు పట్టుకోలేదు. తనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అనుపమగారు పుస్తకం తెరిచింది, వాడు "మూడు" అన్నాడు. పేజీ తిప్పింది, "ఒకటి" అన్నాడు. పొరపాటు లేదు, తడుముకోవడం లేదు. నాకు ఒళ్ళు పులకరించింది. పోయినసారి భయం వల్లే అలా జరిగిందా, నేనే లేనిపోనివి ఊహించుకుని ఇంత చేశానా అనుకున్నాను. అనుపమగారు జవాబులు రాసుకుంటూ మధ్యలో ఒకసారి తలెత్తి వాడి వైపు చూసింది, మళ్ళీ రాసుకుంది.

అప్పుడు ఒక పేజీ ఫ్యాను గాలికి ఎగిరి వెనక్కి పడింది. ఆవిడ దాన్ని సరిచేస్తోంది. పేజీ ఇంకా గాలిలోనే ఉంది, "నాలుగు" అన్నాడు వాడు.

నేను వాడి మొహం కనపడేలా కాస్త ముందుకి వంగాను. వాడి కళ్ళు పుస్తకం మీద లేవు. కిటికీలోంచి ఫ్లైఓవర్ దగ్గర తిరుగుతున్న క్రేన్ వైపు చూస్తున్నాడు. పెదవులు మాత్రం సన్నగా కదులుతున్నాయి. ఆ రాగం నాకు తెలుసు. స్నానాల గదిలోంచి వారం రోజులుగా వింటున్నాను. పక్కకి తిరిగి మా ఆయన వైపు చూశాను. ఆయన పెదవులు కూడా కొడుకుతో పాటే కదులుతున్నాయి. ఎంత ఆనందంగా ఉందో ఆ మొహం.

ఇంకొన్ని పేజీలే ఉన్నాయి. అవి కూడా అయిపోతే కాగితం చేతికొస్తుంది. జూన్‌లో వాడు అదే బడికి, అదే యూనిఫాం వేసుకుని వెళ్తాడు. పూసలు గుచ్చే గది తప్పుతుంది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అలాగే కూర్చుందామని కూడా అనుకున్నాను. కానీ ముంజల బండి దగ్గర వాడి చూపు నా మీదుగా పోయిన పోక గుర్తొచ్చింది. లోపం లేదని రాసిన కాగితం ఒకసారి చేతిలో పడితే ఇంక వాడికి ఏమైందని ఎవరు వెతుకుతారు? బోర్డు కనపడటం లేదంటే ఆ కాగితమే చూపించి కొడతారు.

"మేడమ్" అన్నాను. "వాడు చూడట్లేదు."

మా ఆయన "మంజూ" అన్నారు మెల్లిగా. అనుపమగారు పెన్ను కింద పెట్టింది. పుస్తకాన్ని ఎక్కడికో వెనక్కి తిప్పి, ఇదేంది నాన్నా అని అడిగింది. వివేక్ రాగంలో తర్వాత రావలసిన అంకె చెప్పాడు. ఆవిడ ఇంకో చోటికి తిప్పింది. వాడు దాని తర్వాతది చెప్పాడు. ఆవిడ పుస్తకం మూసేసింది.

మా ఆయన దాచలేదు. దాచాలన్న ఆలోచన కూడా ఆయనకి లేదు. పోయిన వారం వెనక కూర్చుని పేజీలన్నీ చూశానని, ఇంటికెళ్ళి గీసి చూపిస్తే వాడికి అర్థం కావట్లేదని, అందుకని జవాబులు వరసగా నేర్పించానని చెప్పారు. ఏ పరీక్షకైనా ప్రాక్టీసు చేయిస్తాం కదండీ అన్నారు. ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం. అంత తెలివైన మనిషికి తను చేసినదేమిటో తెలియలేదు.

"సార్, జ్వరం చూసే ముందు పిల్లగాని నోట్లె ఐసుముక్క పెడితే థర్మామీటర్ల ఏమొస్తది?" అంది అనుపమగారు. కోపంగా కాదు, అలిసిపోయినట్టుగా అంది. "గీ బుక్కు ఇంక ఆరు నెలల దాంక వీనికి పెట్టరాదు. పెట్టినా వీనికి ఎంత యాదికున్నదో తెలుస్తది గాని, ఏం కనవడ్తున్నదో తెల్వది. నా తాన ఇంకో బుక్కు లేదు."

ఆరు నెలలంటే డిసెంబరు. బడి జూన్‌లో తెరుస్తారు. నేను లేచి ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఇంకేదైనా దారి చూడండి మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను, వాణ్ణి తీసేస్తారు అన్నాను. సిగ్గు లేకుండా బతిమాలాను. వివేక్ అదంతా వింటున్నాడన్న ధ్యాస కూడా నాకు లేదు.

ఆవిడ బల్ల సొరుగు బయటికి లాగి అందులో ఉన్నదంతా బల్ల మీద కుమ్మరించింది. పెన్నులు, కత్తెర, రబ్బరు బ్యాండ్లు, టేపు, సుద్దముక్కలు, తాళాలు, రంగు పెన్సిళ్ళు, చిన్నపిల్లలు ఆడుకునే చెక్కముక్కలు. నా చేతి గడియారం అడిగి తీసుకుని వాటి మధ్యలో పెట్టింది. దాచలేదు, పైనే పెట్టింది.

"అమ్మ గడియారం ఏడున్నది నాన్నా? చేతులు పెట్టకు. ఉత్తగ చూసి చూపెట్టు."

వివేక్ చూశాడు. గడియారం వాడి ముక్కు కింద ఉంది. వాడి చూపు దాని మీద నుంచి అటు పోయింది, ఇటు వచ్చింది. ఫుట్‌పాత్ మీద నా మీదుగా ఎలా పోయిందో అలాగే. చెయ్యి ముందుకి రాబోతే ఆవిడ వద్దంది. వాడు తల తిప్పి నాన్న వైపు చూశాడు, నంబరు చెప్తాడేమోనని. మా ఆయన ముందుకి వంగారు. "ఎడమ..." అన్నారు. అంతలో తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. జవాబు తెలిసి కూడా ఆయన చెప్పకుండా ఉండగా నేను చూడటం అదే మొదలు. వాడు మళ్ళీ బల్ల వైపు తిరిగి వెతకసాగాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా వెతుకుతూనే ఉన్నాడు. ఆ గదిలో మేం ముగ్గురం పెద్దవాళ్ళం, ముగ్గురికీ గడియారం కనపడుతూనే ఉంది.

అనుపమగారు బల్లంతా ఖాళీ చేసి, ఒక తెల్ల గుడ్డ పరిచింది. గడియారంతో కలిపి నాలుగే నాలుగు వస్తువులు దూరం దూరంగా పెట్టింది. వాడు వెంటనే "అదిగో" అన్నాడు.

మా ఆయన లేచి బయట వరండాలోకి వెళ్ళిపోయారు. కొడుకు తన ముందున్న వస్తువు కోసం వెతకడం ఆయన కళ్ళారా చూసింది అప్పుడే. ముంజల బండి నాటి నుంచీ నేను చెప్తున్నదే అది. చెప్పడం వేరు, చూడటం వేరు. మేం బయటికి వచ్చేసరికి రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.  

అనుపమగారు తను రాయగలిగింది రాసిచ్చింది. చూపు బాగుంది, గుంపుగా ఉన్నవాటిలోంచి ఒకదాన్ని విడదీసి చూడలేకపోతున్నాడు, వినికిడి జ్ఞాపకం చాలా ఎక్కువ, బోర్డు మీద రాసింది చదివి వినిపించాలి, పూర్తి పరీక్ష డిసెంబరులో చెయ్యాలి. అది పట్టుకుని జూన్‌లో బడి తెరిచిన రోజు పొద్దున్నే రత్నమాలగారి గదికి వెళ్ళాం, వివేక్‌ని కూడా తీసుకుని.

ఆవిడ రెండుసార్లు చదివారు. పూర్తి కాలేదని ఇందులోనే రాసి ఉంది కదండీ అన్నారు. పూర్తయ్యాక రండి, సీటుంటే చూద్దాం అన్నారు. మా ఆయన చేతులు జోడించారు. నేను ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ఎందరో తల్లిదండ్రులు ఆయనకి చేతులు జోడించడం చూశాను, ఆయన జోడించడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. తప్పు నాదండీ, పిల్లవాడిది కాదు, నేను పాడు చేశాను ఆ పరీక్ష అన్నారు. రత్నమాలగారు ఆయన్ని జాలిగానే చూశారు. "మీ తప్పు నేనెక్కడ రాసుకోనండీ?" అన్నారు. తర్వాత బెల్లు కొట్టి టీసీ టైపు చేయించమన్నారు.

డిసెంబరులో పరీక్ష మళ్ళీ పెట్టారు, ఆ ఇబ్బందికి ఒక పేరుందని తెలిసింది, చదివించే పద్ధతీ తెలిసింది. మా ఆయన టీ బండి దగ్గర సమోసాలు తినిపించడం మానేశారు, ఆయన బ్యాచ్‌లు పల్చబడ్డాయి, మేం వేరే దారిన బతికాం. అవన్నీ తర్వాత సంగతులు. ఆ రోజు మాత్రం చేతిలో టీసీతో గేటు బయటికి వచ్చినప్పుడు, డిసెంబరనేది ఒకటుంటుందని కూడా మాకు నమ్మకం లేదు.

లోపల పిల్లలు ప్రార్థన పాడుతున్నారు. మా ఆయన స్కూటర్ స్టాండు తీసి కూడా ఎక్కకుండా నిలబడ్డారు. వివేక్ గేటు వైపు చూసి, లోపలికెళ్ళనా అని అడిగాడు. ఈ బడికి ఇంక రాము నాన్నా అన్నారాయన. వాడు ఆలోచించాడు.

"నేను నంబర్లు మర్చిపోయానా?"

"లేదురా. ఒక్కటి కూడా మర్చిపోలేదు."

"మరి స్కూల్లోవి కూడా అలాగే చెప్పొచ్చు కదా నాన్నా. అందరికీ వాళ్ళ నాన్నలు రోజూ చెప్తారు. నువ్వు నాకు ఒక్కసారే చెప్పావు."

వాడి గొంతులో నిష్ఠూరం లేదు. తప్పు ఎక్కడ జరిగిందో దొరికినవాడిలా, నాన్నకి కూడా తెలిస్తే మంచిదన్నట్టు చెప్పాడు. మా ఆయన స్కూటర్‌కి మళ్ళీ స్టాండు వేసి వాడి ముందు కింద కూర్చున్నారు.

"వాళ్ళ నాన్నలు చెప్తారని నీకెవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు" అన్నాడు వివేక్. "చెప్పకపోతే బోర్డు మీద ఏముందో వాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

ఆయన వాడి రెండు చేతులూ పట్టుకుని అలాగే కూర్చున్నారు. లోపల ప్రార్థన అయిపోయి పిల్లలు క్లాసుల్లోకి వెళ్తున్నారు.